రగ్బీ పర్యటన: గేటు డబ్బు ఎవరికి, ఆటగాడి కాలం ఎవరిది?

క్లుప్తంగా

జాతీయ రగ్బీ జట్టు విదేశానికి వెళ్లినప్పుడు అక్కడి గేటు వసూళ్లు, అంటే టికెట్ల డబ్బు, ఆనవాయితీగా ఆతిథ్య దేశానివే. చాలా దేశాల్లో ఆటగాళ్లకు జీతమిచ్చేది మాత్రం క్లబ్బులు. పర్యటన ఎన్నాళ్లు సాగాలి, ఎవరు విమానం ఎక్కాలి, ఎన్ని ఊళ్లలో ఆడాలి అన్నవన్నీ ఈ రెండు ముడుల మధ్యే తేలతాయి. 2026 షెడ్యూల్‌లో రెండు ఎదురెదురు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, దేశానికి ఒక మ్యాచ్ చొప్పున తిరిగే నేషన్స్ చాంపియన్‌షిప్. రెండోది, న్యూజిలాండ్ జట్టు దక్షిణాఫ్రికాలో చేపట్టే పాతకాలపు దీర్ఘ పర్యటన.

అనంతపురం నుంచి చూస్తే

2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అనంతపురం ఆర్‌డీటీ మైదానానికి వచ్చాయి. టీవీలో తప్ప కనిపించని ఆటగాళ్లను కళ్లారా చూడటానికి జనం తరలివచ్చారు. పెద్ద క్రికెట్ చూడాలంటే బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లాల్సిన జిల్లా ఇది. ఆటే ఊరికి వస్తే ఏమవుతుందో ఆ కొద్ది రోజుల్లో తెలిసింది.

రగ్బీలో విదేశీ పర్యటన పుట్టింది ఇలాంటి రాక కోసమే. జట్టు పెద్ద నగరాల్లో టెస్టులు, అంటే అక్కడి జాతీయ జట్టుతో మ్యాచ్‌లు, ఆడుతుంది. వాటి మధ్య రోజుల్లో చిన్న పట్టణాలకు వెళ్లి అక్కడి ప్రాంతీయ జట్లతో తలపడుతుంది. వందేళ్లకు పైగా నడిచిన ఈ పద్ధతి 1995 తర్వాత బాగా కుంచించుకుపోయింది. ఎందుకు కుంచించుకుపోయిందో, ఇప్పుడు ఎటు మళ్లుతోందో తెలియాలంటే మైదానం లోపలి ఆటకన్నా బయటి లెక్కలు ముందు చూడాలి.

ఒకే మాట, వేర్వేరు ప్రయాణాలు

క్రికెట్‌లో పర్యటన అంటే మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. రెండు బోర్డులు మాట్లాడుకుంటాయి, ఒక జట్టు మరో దేశానికి వెళ్తుంది, టెస్టులు, వన్డేలు, టీ20లు ఆడి వస్తుంది. రగ్బీలో అదే మాటను వేర్వేరు ప్రయాణాలకు వాడుతున్నారు. తికమక అక్కడే మొదలవుతుంది.

మొదట రుతువుల సంగతి. రగ్బీ చలికాలపు ఆట. మన దగ్గర వేరుశనగ విత్తే జూలైలో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో చలికాలం. అందుకే ఇంగ్లండ్, ఐర్లాండ్, ఫ్రాన్స్ వంటి ఉత్తరార్ధగోళ జట్లు తమ సీజన్ ముగించుకుని జూలైలో దక్షిణానికి వెళ్తాయి. నవంబరులో దక్షిణాది జట్లు ఐరోపాకు వస్తాయి. జూలైలో వెళ్లే జట్టు చాలాకాలంగా ఒకే దేశంలో రెండు మూడు టెస్టుల సిరీస్ ఆడుతూ వచ్చింది. నవంబరులో వచ్చే జట్టు మాత్రం వారానికో దేశం చొప్పున తిరుగుతుంది. రెండింటినీ పర్యటన అనే అంటారు. ఆటగాడికి, ప్రేక్షకుడికి అవి ఒకే అనుభవం కావు.

బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ పద్ధతి ఇంకొకటి. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్, ఐర్లాండ్ ఆటగాళ్లను కలిపి నాలుగేళ్లకోసారి ఒక జట్టును కూర్చి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాలకు వంతులవారీగా పంపుతారు. ఈ జట్టుకు సొంత దేశం లేదు, సొంత మైదానం లేదు. పర్యటన కోసమే పుడుతుంది, పర్యటన ముగియగానే చెదిరిపోతుంది. 2025లో ఆస్ట్రేలియా వెళ్లి మూడు టెస్టుల సిరీస్‌ను 2-1తో గెలుచుకుంది.

ఈ సంప్రదాయం మూలాల్లో క్రికెట్ కూడా ఉంది. 1888లో న్యూజిలాండ్, ఆస్ట్రేలియాలకు వెళ్లిన తొలి బ్రిటిష్ జట్టును నడిపినవారు ఆల్ఫ్రెడ్ షా, ఆర్థర్ ష్రూస్‌బరీ అనే ఇద్దరు క్రికెటర్లు. క్రికెట్ పర్యటనలతో వచ్చిన అనుభవాన్ని వారు రగ్బీకి మళ్లించారు. ఆ పర్యటన మధ్యలోనే కెప్టెన్ రాబర్ట్ సెడన్ ఆస్ట్రేలియాలోని హంటర్ నదిలో మునిగి చనిపోయాడు. అతని తర్వాత పగ్గాలు అందుకున్న ఆండ్రూ స్టొడార్ట్ ఇంగ్లండ్ క్రికెట్ జట్టుకూ కెప్టెన్‌గా పనిచేసినవాడు. అదే ఏడాది న్యూజిలాండ్ నుంచి బయలుదేరిన, ఎక్కువగా అక్కడి మూలవాసులైన మావోరీలతో కూడిన నేటివ్ జట్టు ఏడాదికి పైగా తిరిగి మొత్తం 107 రగ్బీ మ్యాచ్‌లు ఆడింది. ఇప్పటి అంతర్జాతీయ ఆటగాడు తన జీవితమంతా ఆడినా జాతీయ జట్టు తరఫున అన్ని మ్యాచ్‌లు ఆడటం అరుదు.

గేటు దగ్గర తేలిన లెక్క

1905లో న్యూజిలాండ్ జట్టు ఓడలో వారాల తరబడి ప్రయాణించి ఇంగ్లండ్ చేరింది. తొలి మ్యాచ్‌లో డెవన్ కౌంటీని 55-4తో ఓడించింది. ఆ పర్యటనలో 35 మ్యాచ్‌లు ఆడి 34 గెలిచింది. ఓడిన ఒక్కటీ కార్డిఫ్‌లో వేల్స్ చేతిలో 3-0 తేడాతో ఓడింది. అప్పటి లెక్కలో ఒక ట్రైకి (ప్రత్యర్థి గీత దాటి బంతిని నేలకు తాకించడం) మూడు పాయింట్లు, కాబట్టి మొత్తం మ్యాచ్‌లో పడింది ఒక్క ట్రై. న్యూజిలాండ్ తరఫున బాబ్ డీన్స్ కూడా ట్రై సాధించాడా లేదా అన్న వాదన నేటికీ తెగలేదు.

ఆ పర్యటనలో జరిగిన మరో ఘటన గురించి అంతగా చెప్పుకోరు కానీ, మన విషయానికి అదే కీలకం. అతిథి జట్టు ఖర్చులకు ఆతిథ్య సమాఖ్య ముందుగా కొంత మొత్తం హామీ ఇవ్వాలని అడిగితే స్కాట్లాండ్ ఒప్పుకోలేదు. జనం రాకపోతే నష్టపోతామన్నది వారి భయం. హామీకి బదులు ఖర్చులు పోను మిగిలే గేటు డబ్బంతా మీరే తీసుకోండి అని చెప్పింది. తీరా మ్యాచ్ రోజున జనం విరగబడ్డారు. ఆ లాభమంతా న్యూజిలాండ్ చేతికి వెళ్లింది. కచ్చితమైన చిన్న మొత్తం ఇవ్వాలా, అనిశ్చితమైన పెద్ద మొత్తాన్ని పంచుకోవాలా అన్న తర్జనభర్జన నాటి నుంచి నేటి వరకు రగ్బీ సమాఖ్యలను వదల్లేదు.

కాలక్రమంలో స్థిరపడిన ఆనవాయితీ ఇది: ఇంట్లో ఆడిన మ్యాచ్ ఆదాయం ఇంటివారిది, మేం మీ ఇంటికి వచ్చినప్పుడు మీది మీరు ఉంచుకోండి. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. చిక్కు మైదానాల పరిమాణంలో ఉంది. లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో 82 వేల మంది కూర్చుంటారు. చిన్న దేశాల మైదానాల్లో అందులో నాలుగో వంతు కూడా పట్టకపోవచ్చు. టికెట్ ధరల్లో తేడా ఇంకా ఎక్కువ. వంతు ప్రకారం ఇద్దరూ ఒకరి ఇంటికి ఒకరు వెళ్లి వచ్చినా ఒకరి జేబు నిండుతుంది, ఒకరిది నిండదు. న్యూజిలాండ్ వంటి బలమైన జట్టు కూడా నవంబరు ఆదాయంలో వాటా కావాలని అడుగుతూ వచ్చింది. నవంబరులో ఆ మైదానం నిండేది ఆల్ బ్లాక్స్‌ను, అంటే తమ జట్టును, చూడటానికే కదా అన్నది వారి వాదన. అందులో బలం ఉంది.

పసిఫిక్ దీవుల దేశాలకు ఆ బేరమాడే శక్తి కూడా లేదు. 2017 నవంబరులో సమోవా జట్టు ట్వికెన్‌హామ్‌లో ఆడినప్పుడు ఆ దేశ సమాఖ్య దివాలా అంచున ఉంది. ఒక్క మ్యాచ్‌కు ఇంగ్లండ్ ఆటగాడికి దాదాపు 22 వేల పౌండ్లు, సమోవా ఆటగాడికి సుమారు 650 పౌండ్లు అందుతున్నట్లు అప్పట్లో వార్తలు వచ్చాయి. ఇంగ్లండ్ సమాఖ్య సద్భావంతో 75 వేల పౌండ్ల విరాళం ఇచ్చింది. విరాళం మంచిదే. కానీ మైదానం నింపడానికి పిలిచిన అతిథికి అందాల్సింది వాటా, విరాళం కాదు. పర్యటనల ఆర్థిక వ్యవస్థలో సరిచేయాల్సిన మొదటి లోపం ఇదే.

సెలవు చీటీ నుంచి కాంట్రాక్టు వరకు

డబ్బు సగం కథ. మిగతా సగం కాలానిది.

పాత ఆటగాళ్లు జీతగాళ్లు కారు. రైతులు, గని కార్మికులు, గుమాస్తాలు, వైద్య విద్యార్థులు. పర్యటనకు ఎంపికైతే నెలల తరబడి పని మానుకోవాలి. ఆ నెలల కూలి ఎవరిస్తారు? ఈ ప్రశ్న మీదే 1895లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమై విడిపోయాయి. ఆ చీలిక నుంచే రగ్బీ లీగ్ అనే వేరే ఆట పుట్టింది. 1905 న్యూజిలాండ్ ఆటగాళ్లకు రోజుకు మూడు షిల్లింగుల భత్యం ఇచ్చారు. నిండిన మైదానాలను చూసిన ఆటగాళ్లకు ఆ మూడు షిల్లింగుల విలువ ఎంతో అర్థమైంది. రెండేళ్లు తిరగకుండానే, 1907లో, న్యూజిలాండ్ నుంచి ఆదాయం పంచుకునే పద్ధతిలో మరో జట్టు ఇంగ్లండ్‌కు బయలుదేరింది. ఆల్ బ్లాక్స్ పేరును తిప్పి, పత్రికలు దానికి ఆల్ గోల్డ్స్ అని పేరు పెట్టాయి.

1895 ఆగస్టులో చీలిక వస్తే, సరిగ్గా వందేళ్లకు 1995 ఆగస్టులో రగ్బీ యూనియన్, అంటే మనం చెప్పుకుంటున్న ఈ ఆట, కూడా ఆటగాళ్లకు జీతాలు ఇవ్వవచ్చని తీర్మానించింది. పర్యటనల రూపం ఒక్కసారిగా మారిన మలుపు అదే. జీతం ఇచ్చేవాడికి ఆటగాడి కాలంపై హక్కు వచ్చింది. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లలో ఆ జీతం ప్రధానంగా క్లబ్బులది. ఐర్లాండ్, న్యూజిలాండ్‌లలో అగ్రశ్రేణి ఆటగాళ్ల కాంట్రాక్టులు జాతీయ సమాఖ్య చేతిలో ఉంటాయి. ఈ తేడా చిన్నదిగా కనిపించినా పర్యటనకు ఏ జట్టు పూర్తి బలంతో వెళ్తుందో, ఏ జట్టు అరకొరగా వెళ్తుందో చాలావరకు ఇదే తేలుస్తుంది.

క్లబ్బులు అడ్డుపడకుండా ప్రపంచ సమాఖ్య అయిన వరల్డ్ రగ్బీ 9వ నిబంధన కొన్ని వారాలను అంతర్జాతీయ మ్యాచ్‌ల కోసం కేటాయించింది. ఆ వారాల్లో జాతీయ జట్టు పిలిస్తే క్లబ్బు ఆటగాడిని పంపక తప్పదు. ఆ వారాలు దాటితే క్లబ్బు మాటే చెల్లుతుంది. జూలై పర్యటన మూడు వారాలకు పరిమితం కావడానికి అసలు కారణం ఇక్కడ ఉంది. విమానాలు వేగంగా వెళ్తున్నాయి కాబట్టి పర్యటనలు చిన్నవయ్యాయి అనుకోవడం సగమే నిజం. విమానం ప్రయాణ కాలాన్ని తగ్గించింది. అక్కడికి చేరాక ఉండే కాలాన్ని తగ్గించింది కాంట్రాక్టు.

2025 జూలైలో ఫ్రాన్స్ న్యూజిలాండ్ వెళ్లిన తీరు దీనికి తాజా ఉదాహరణ. ఫ్రాన్స్ దేశవాళీ లీగ్ ఫైనల్ జూన్ 28న జరిగింది. తొలి టెస్టు జూలై 5న, భూగోళానికి అవతలి వైపు డునెడిన్‌లో. ఏడాదంతా ఆడి అలసిన ప్రధాన ఆటగాళ్లలో చాలామందికి విశ్రాంతి ఇచ్చి కొత్తవారితో ఫ్రాన్స్ బయలుదేరింది. టికెట్లు కొన్న న్యూజిలాండ్ అభిమానులకు ఇది నచ్చలేదు. అయినా తొలి టెస్టును ఆ కుర్రాళ్లు 31-27 దాకా తెచ్చారు. సిరీస్ మాత్రం 3-0తో న్యూజిలాండ్‌దే.

ఇలాంటి పర్యటనలు వృథా అని తీర్పు చెప్పేముందు 1998ని తలచుకోవాలి. ఆ ఏడాది ఇంగ్లండ్ చాలామంది ముఖ్య ఆటగాళ్లు లేకుండా ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాలకు వెళ్లింది. బ్రిస్బేన్‌లో 76-0తో ఓడింది, నాలుగు టెస్టులూ పోగొట్టుకుంది. దానికి నరక పర్యటన అనే పేరు స్థిరపడింది. ఆ జట్టులో ఉన్న పందొమ్మిదేళ్ల జానీ విల్కిన్సనే ఐదేళ్ల తర్వాత సిడ్నీలో చివరి క్షణాల డ్రాప్ గోల్‌తో (ఆట నడుస్తుండగానే బంతిని నేలకు తాకించి గోలు స్తంభాల మధ్యకు తన్నడం) ఇంగ్లండ్‌కు ప్రపంచ కప్ అందించాడు. ఓడి వచ్చిన ప్రతి పర్యటనా ఇలా ఫలిస్తుందని కాదు. కానీ ఒక పర్యటన విలువ ఆ నెల స్కోరులో తేలిపోదు.

ఒంటికి వారం కావాలి

క్రికెట్‌తో పోల్చినప్పుడు ఒక తేడాను మరచిపోకూడదు. క్రికెటర్ ఐదు రోజుల టెస్టు ముగించి నాలుగు రోజులకే మరో టెస్టు ఆడగలడు. రగ్బీ ఆటగాడికి రెండు టెస్టుల మధ్య వారం ఉండాలి. కబడ్డీ తెలిసినవారికి ఈ ఒత్తిడి కొంత అర్థమవుతుంది. పరుగెత్తి వచ్చే మనిషిని భుజంతో ఆపి నేలకు దించడం, అదీ ఎనభై నిమిషాల పాటు. బరిలో 15 మంది, బెంచీ మీద 8 మంది. రెండు జట్ల ఆటగాళ్లు వరుసలుగా పెనవేసుకుని బంతి కోసం నెట్టుకునే స్క్రమ్‌లో ముందు వరుసలో నిలిచే ముగ్గురి పని ప్రత్యేక శిక్షణ పొందినవారే చేయాలి. ఆ స్థానాలకు బదులు ఆటగాళ్లను కూడా వేరుగా తీసుకెళ్లాలి. అందుకే మూడు మ్యాచ్‌ల కోసం వెళ్లే జట్టులో కూడా ముప్పై మందికి పైగా ఉంటారు.

తలకు దెబ్బ తగిలి లక్షణాలు కనిపించిన ఆటగాడిని సాధారణంగా 12 రోజుల పాటు మ్యాచ్‌కు దూరంగా ఉంచుతున్నారు. మూడు వారాల పర్యటనలో 12 రోజులంటే తొలి టెస్టులో దెబ్బతిన్నవాడు రెండో టెస్టుకు ఉండడు. దానికి తోడు కాలమండలాల భారం. ఆగస్టులో దక్షిణాఫ్రికాకు, న్యూజిలాండ్‌కు మధ్య గడియారంలో పది గంటల తేడా. ఓడ ప్రయాణంలో శరీరం ఆ తేడాకు మెల్లగా అలవాటు పడేది. 1924-25లో న్యూజిలాండ్ జట్టు 32 మ్యాచ్‌లు ఆడి 32 గెలిచి అజేయుల జట్టుగా పేరు తెచ్చుకుంది. ఆ గెలుపులన్నీ ప్రతిభవల్లే వచ్చాయి. నెలల తరబడి కలిసి తిని, కలిసి ఆడిన జట్టు కావడం కూడా ఆ ప్రతిభకు తోడైంది. నేటి జట్టుకు ఆ వెసులుబాటు లేదు.

మంగళవారం మ్యాచ్

పర్యటన కుదించినప్పుడు మొదట కోత పడింది ప్రాంతీయ మ్యాచ్‌లకు. రెండు శనివారాల టెస్టుల మధ్య మంగళవారమో బుధవారమో స్థానిక జట్టుతో జరిగే ఆట అది. సమాఖ్య లెక్కల్లో దానివల్ల వచ్చేది తక్కువ, ఆటగాడు గాయపడే ముప్పు ఎక్కువ. కాబట్టి తీసేయడం సులభం. తీసేస్తే పోయేదేమిటో మాత్రం ఆ లెక్కల్లో కనిపించదు.

1972 అక్టోబరు 31, మంగళవారం. వేల్స్‌లోని లనెల్లి అనే పారిశ్రామిక పట్టణపు క్లబ్బు న్యూజిలాండ్‌ను 9-3తో ఓడించింది. సరిగ్గా ఆరేళ్లకు, 1978 అక్టోబరు 31న, అదీ మంగళవారమే. ఐర్లాండ్‌లోని లిమరిక్ నగరంలో మన్‌స్టర్ ప్రాంతీయ జట్టు న్యూజిలాండ్‌ను 12-0తో ఓడించింది. ఐర్లాండ్ జాతీయ జట్టు న్యూజిలాండ్‌పై తొలిసారి గెలవడానికి 2016 దాకా పట్టింది. దేశం వల్ల కానిది ఒక ప్రాంతం ముప్పై ఎనిమిదేళ్ల ముందే చేసి చూపింది. ఆ మ్యాచ్ గురించి లిమరిక్‌లో మూడు తరాలు చెప్పుకుంటున్నాయి. లక్షల జనాభా ఉన్న రాజధానికి మరో టెస్టు మ్యాచ్ వల్ల ఇలాంటిది దక్కదు.

అనంతపురం, కర్నూలు, కడప పాఠకులకు ఇది పరాయి విషయం కాదు. పెద్ద ఆట పెద్ద నగరాల్లోనే జరుగుతుంటే జిల్లా పిల్లలకు అది తెర మీది బొమ్మగానే మిగులుతుంది. బారెడ్డి అనూష ప్రయాణం దీనికి రెండో వైపు. అనంతపురం ఆర్‌డీటీ శిక్షణలో ఎదిగిన ఆమె 2023 జూలైలో భారత మహిళల జట్టుతో బంగ్లాదేశ్ పర్యటనకు వెళ్లి అంతర్జాతీయ క్రికెట్‌లో అడుగుపెట్టింది. దగ్గరలో మైదానం, కోచ్ ఉండటం, పెద్ద ఆటను కంటితో చూడగలగడం కలిస్తేనే ఇలాంటి దారి పడుతుంది. పర్యటనల్లో మంగళవారం మ్యాచ్ చేసిన పనిలో పెద్ద భాగం ఇదే.

పర్యటన రాజకీయమైన రోజులు

ఏ ఆటలోనైనా పర్యటన రెండు దేశాల మధ్య మైత్రికి గుర్తుగా కనిపిస్తుంది. ఆతిథ్య ప్రభుత్వం అన్యాయంలో కూరుకుపోయినప్పుడు ఆ మైత్రే సమస్య అవుతుంది. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష కాలంలో రగ్బీకి ఎదురైన పరిస్థితి ఇది. 1960లో న్యూజిలాండ్ తన మావోరీ ఆటగాళ్లను ఇంట్లో వదిలి తెల్లవారి జట్టును దక్షిణాఫ్రికాకు పంపింది. 1970లో మావోరీలను తీసుకెళ్లగలిగింది, కానీ వారిని గౌరవ శ్వేతజాతీయులుగా లెక్కిస్తామన్న షరతు మీద. మనిషిని అవమానిస్తూ ఇచ్చే అనుమతి అది. 1976లో న్యూజిలాండ్ మళ్లీ వెళ్లింది. దానికి నిరసనగా ఇరవైకి పైగా ఆఫ్రికా దేశాలు ఆ ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌ను బహిష్కరించాయి. అప్పట్లో ఒలింపిక్స్‌లో లేని ఒక ఆట పర్యటన ఒలింపిక్స్‌నే కుదిపేసింది.

1981లో దక్షిణాఫ్రికా న్యూజిలాండ్‌కు వచ్చినప్పుడు హామిల్టన్‌లో నిరసనకారులు మైదానంలోకి చొచ్చుకెళ్లి మ్యాచ్‌ను ఆపించారు. ఆక్లండ్ టెస్టులో చిన్న విమానం నుంచి పిండి పొట్లాలు మైదానం మీద పడ్డాయి. కుటుంబాలు రెండుగా చీలాయి. భారత్ వైఖరి ఈ విషయంలో ముందు నుంచీ స్పష్టంగానే ఉంది. 1974లో డేవిస్ కప్ టెన్నిస్ ఫైనల్‌కు చేరి కూడా, ప్రత్యర్థి దక్షిణాఫ్రికా అన్న కారణంతో భారత్ ఆడకుండా కప్పు వదులుకుంది. 1991 నవంబరులో దక్షిణాఫ్రికా క్రికెట్ జట్టు తిరిగి అంతర్జాతీయ రంగంలో అడుగుపెట్టింది కోల్‌కతాలోనే. రగ్బీలో వారి పునరాగమనం 1992 ఆగస్టులో, జొహన్నెస్‌బర్గ్‌లో, న్యూజిలాండ్‌తోనే.

2026: రెండు దారులు

ఐరోపా ఆరు దేశాలు, న్యూజిలాండ్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, అర్జెంటీనాలతో పాటు జపాన్, ఫిజీలను కలిపి 12 జట్లతో నేషన్స్ చాంపియన్‌షిప్‌ను రూపొందించారు. ఉత్తరాది జట్టు ప్రతిదీ దక్షిణం వైపు ఆరు జట్లతో ఒక్కో మ్యాచ్ ఆడుతుంది, మూడు జూలైలో, మూడు నవంబరులో. చివర నవంబరు నెలాఖరులో ట్వికెన్‌హామ్‌లో ఫైనల్స్. రెండేళ్లకోసారి, లయన్స్ పర్యటన గానీ ప్రపంచ కప్ గానీ లేని సంవత్సరాల్లో ఇది జరుగుతుంది.

దీని వెనుక తర్కం బలమైనదే. విడివిడి స్నేహపూర్వక మ్యాచ్‌లకన్నా పట్టికలో పాయింట్లు తెచ్చే మ్యాచ్‌ల ప్రసార హక్కులకు ధర ఎక్కువ పలుకుతుంది. హక్కులను కలిపి అమ్మితే బేరమాడే శక్తి పెరుగుతుంది. ఏళ్ల తరబడి పెద్ద జట్ల తలుపులు తట్టిన జపాన్, ఫిజీలకు పోటీ జరిగే ప్రతి ఏడాదీ ఆరు పెద్ద మ్యాచ్‌ల భరోసా దొరుకుతుంది.

పోయేది సిరీస్. 2022 జూలైలో ఐర్లాండ్ న్యూజిలాండ్‌లో తొలి టెస్టు 42-19తో ఓడింది. వారం తర్వాత డునెడిన్‌లో 23-12తో గెలిచింది. ఆ దేశంలో న్యూజిలాండ్‌పై ఐర్లాండ్‌కు అదే తొలి గెలుపు. మూడో టెస్టును కూడా 32-22తో గెలిచి సిరీస్ సాధించింది. ఒకే ప్రత్యర్థిని మూడుసార్లు ఎదుర్కోవడంలో ఉన్న చదువు ఇది. మొదటి వారం దెబ్బతిని, రెండో వారం ఎత్తు మార్చి, మూడో వారం నిలబడాలి. దేశానికి ఒక మ్యాచ్ పద్ధతిలో ఐర్లాండ్ ఆ 42-19 ఓటమితోనే ఇంటికి వెళ్లేది.

ఇంగ్లండ్ 2026 జూలై ప్రయాణం చూస్తే మార్పు ఎంతదో తెలుస్తుంది. మొదట జొహన్నెస్‌బర్గ్‌లో దక్షిణాఫ్రికాతో, చివర అర్జెంటీనాలో అర్జెంటీనాతో. మధ్యలో ఫిజీతో మ్యాచ్ ఉంది. అది ఫిజీకి సొంత మ్యాచ్ అయినా జరిగేది మాత్రం ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో. ఫిజీ తన సొంత మ్యాచ్‌లను ఈసారి బ్రిటన్ నగరాల్లో ఆడేలా షెడ్యూల్ ఖరారైంది. పెద్ద మైదానం, పెద్ద గేటు వసూళ్లు అక్కడే ఉన్నాయి కాబట్టి ఆర్థికంగా ఫిజీ సమాఖ్య నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టం. కానీ ఫిజీ రాజధాని సువాలో మైదానం పక్కన పెరిగే పిల్లవాడికి ఇంగ్లండ్ జట్టు మళ్లీ తెర మీదికే పోయింది. గేటు లెక్క ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ దొరకదు. పైగా కింది అంచె జట్లు పైకి వచ్చే అవకాశం 2030 దాకా లేదు. జార్జియా, సమోవా వంటి జట్లకు ఇది చిన్న ఎదురుచూపు కాదు.

ఇదే 2026లో ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో న్యూజిలాండ్ దక్షిణాఫ్రికాలో దీర్ఘ పర్యటన చేసేలా రెండు సమాఖ్యలు ఒప్పందం చేసుకున్నాయి. నాలుగు టెస్టులతో పాటు స్టార్మర్స్, షార్క్స్, బుల్స్, లయన్స్ అనే నాలుగు స్థానిక ఫ్రాంచైజీ జట్లతో మ్యాచ్‌లు ఉన్నాయి. ఈ లయన్స్ జొహన్నెస్‌బర్గ్ జట్టు, పైన చెప్పిన బ్రిటిష్ జట్టు కాదు. 1996లో న్యూజిలాండ్ దక్షిణాఫ్రికా గడ్డపై తొలిసారి సిరీస్ గెలిచింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు ఇలాంటి పర్యటన ఇదే. 2030లో దక్షిణాఫ్రికా ఎదురు పర్యటనకు వెళ్లాలన్నది ప్రణాళిక. దీనికి చోటివ్వడానికి దక్షిణాది నాలుగు దేశాల వార్షిక పోటీని ఆ ఏడాది పక్కన పెట్టారు. దాంతో అర్జెంటీనా, ఆస్ట్రేలియా తమ మ్యాచ్‌లు తామే వెతుక్కోవాల్సి వచ్చింది. నాలుగో టెస్టు దక్షిణాఫ్రికాలో కాక అమెరికాలోని బాల్టిమోర్‌లో పెట్టారు. పాత సంప్రదాయం తిరిగి వస్తున్నా అందులో ఒక టెస్టు కొత్త మార్కెట్‌కు వెళ్లింది.

భారత్ ఎక్కడ ఉంది

రగ్బీ ప్రపంచపు అతి పాత కప్పుల్లో ఒకటి భారతీయ వెండితో తయారైంది. 1870లలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్బు మూతపడినప్పుడు ఖాతాలో మిగిలిన 270 వెండి రూపాయలను కరిగించి కప్పు చేయించారు. పిడులు నాగుపాము ఆకారంలో, మూత మీద ఏనుగు. ఇంగ్లండ్, స్కాట్లాండ్ 1879 నుంచి ఆ కలకత్తా కప్ కోసమే తలపడుతున్నాయి.

అయితే భారత జట్టు దీర్ఘ పర్యటన చేసే స్థాయికి ఇంకా రాలేదు. ఆసియాలో చిన్న జట్లు పర్యటనకు బదులు ఒకే నగరంలో చేరి వారం రోజుల్లో టోర్నీ ముగిస్తాయి. 15 మంది ఆటలో భారత మహిళల జట్టు తొలిసారి 2018లో సింగపూర్‌లో ఆడింది. తొలి గెలుపు 2019లో మనీలాలో, సింగపూర్‌పై 21-19తో వచ్చింది. ఏడుగురు ఆడే సెవెన్స్‌కు 12 మందితో ప్రయాణిస్తే చాలు, మ్యాచ్ 14 నిమిషాల్లో అయిపోతుంది. 2016 నుంచి అది ఒలింపిక్స్‌లో ఉంది. పరిమిత నిధులున్న సమాఖ్య అటు మొగ్గడానికి విమాన టికెట్ల లెక్క ఒక్కటి చాలు. 2025 జూన్‌లో ముంబయిలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్ కూడా సెవెన్సే. ఆరు జట్లలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. ఫుట్‌బాల్ మైదానం ఉన్నచోట సెవెన్స్ ఆడుకోవచ్చు. రాయలసీమ జిల్లా కేంద్రాల్లో అలాంటి మైదానాలకు కొరత లేదు.

మ్యాచ్‌లు అనుసరించదలచినవారికి వేళలు అనుకూలంగానే ఉంటాయి. జూలైలో న్యూజిలాండ్‌లో రాత్రి ఏడు గంటల మ్యాచ్ మనకు మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదలవుతుంది. దక్షిణాఫ్రికాలో సాయంత్రం ఐదుకు మొదలైతే మనకు రాత్రి ఎనిమిదిన్నర. నవంబరులో లండన్ మధ్యాహ్నం మూడు గంటల మ్యాచ్‌కు కూడా అదే వేళ. టెస్టుల ఫలితాలు ఎలాగూ అందరికీ చేరతాయి. ఆగస్టులో గమనించదగినవి ఆ నాలుగు ఫ్రాంచైజీ మ్యాచ్‌లు. వాటికి మైదానాలు నిండితే ప్రాంతీయ మ్యాచ్‌ను లెక్కల పుస్తకంలోంచి కొట్టేసిన సమాఖ్యలు ఆ పేజీని మళ్లీ తెరవాల్సి ఉంటుంది. ఖాళీగా కనిపిస్తే 2030 ఎదురు పర్యటనలో మొదట కత్తెర పడేది వాటికే.